లైప్‌జిగ్ మెయిన్ రైల్వే స్టేషన్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

లైప్‌జిగ్‌కి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు, వాళ్లని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు, బెర్లిన్ నుంచి ఒక పూట చుట్టివెళ్లడానికి వచ్చే స్నేహితులు, అందరూ స్టేషన్‌లో దిగగానే దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. ఇంత పెద్దది ఎందుకు కట్టారు, అన్నీ రెండేసి ఎందుకున్నాయి, యుద్ధంలో ఏమైంది, ఈ షాపులన్నీ ఎప్పుడొచ్చాయి. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏదో చూసుకుని అక్కడికే వెళ్లండి.

## మెయిన్ స్టేషన్ లేని రోజులు

జర్మనీలో మొట్టమొదటి రైలు లైప్‌జిగ్‌లోనే నడిచిందని విన్నాను. నిజమేనా?

కాదు. ఆ పేరు న్యూరెంబర్గ్‌ది. 1835 డిసెంబర్ 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యుర్త్‌కు, ఓ 6 కిలోమీటర్ల దూరం నడిచింది మొదటి రైలు. అయితే ఊరి నుంచి పక్క ఊరికి వెళ్లడం వేరు, రెండు పెద్ద నగరాల్ని కలపడం వేరు. జర్మనీలో మొదటి దూరప్రయాణ రైలు మార్గం లైప్‌జిగ్–డ్రెస్డెన్ లైనే. 1837 ఏప్రిల్ 24న లైప్‌జిగ్ నుంచి ఆల్తెన్ అనే ఊరి దాకా మొదటి ముక్క తెరిచారు. 1839 ఏప్రిల్‌లో డ్రెస్డెన్ దాకా పూర్తయింది. దారిలో ఓబెరావు దగ్గర 513 మీటర్ల సొరంగం కూడా తవ్వారు. అప్పట్లో అదో వింత. తర్వాత 1930లలో దాని పైకప్పు తవ్వేసి మామూలు కోత మార్గంగా మార్చేశారు.

అంత తొందరగా రైలు లైప్‌జిగ్‌కే ఎందుకు వచ్చింది? ఇక్కడి సాక్సనీ రాజ్యానికి రాజధాని డ్రెస్డెన్ కదా?

రాజు డ్రెస్డెన్‌లో ఉన్నా డబ్బు లైప్‌జిగ్‌లో ఉండేది. ఇది శతాబ్దాలుగా సంతల ఊరు. యూరప్‌ను తూర్పు పడమరలుగా, ఉత్తర దక్షిణాలుగా దాటే రెండు పాత వర్తక మార్గాలు ఇక్కడే కలుస్తాయి. బొచ్చు తోళ్లు, పుస్తకాలు, బట్టలు, అన్నిటి బేరాలూ ఇక్కడే. అందుకే రైలు కోసం ముందుకొచ్చింది ప్రభుత్వం కన్నా ముందు ఇక్కడి వర్తకులు. వాళ్లే కంపెనీ పెట్టి, షేర్లు అమ్మి డ్రెస్డెన్ లైను వేయించారు.

ఫ్రెడ్రిక్ లిస్ట్ పేరు ఇక్కడ తరచు వినిపిస్తుంది. ఆయనెవరు?

ఆర్థికవేత్త. కొన్నేళ్లు అమెరికాలో ఉండి వచ్చి లైప్‌జిగ్‌లో స్థిరపడ్డాడు. 1833లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, సాక్సనీలో వేసే రైలు మార్గం మొత్తం జర్మనీ రైలు వ్యవస్థకు పునాది కావాలని వాదించాడు. అందులో ఒక మ్యాపు కూడా గీశాడు. అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు, ముక్కలు ముక్కలుగా రాజ్యాలే ఉన్నాయి. ఆ మ్యాపులో మాత్రం గీతలు సరిహద్దులు పట్టించుకోకుండా వెళ్తాయి. వాటిలో చాలా గీతలు లైప్‌జిగ్‌లోనే కలుస్తాయి.

ఈ స్టేషన్ కట్టకముందు ఊళ్లో ఎన్ని స్టేషన్లు ఉండేవి?

ఆరు. ఒక్కో లైనుకు ఒక్కో కంపెనీ, ఒక్కో కంపెనీకి తన సొంత స్టేషన్. డ్రెస్డెన్ స్టేషన్ 1839లో, మాగ్డెబుర్గ్ స్టేషన్ 1840లో, బవేరియా స్టేషన్ 1842లో, థురింగియా స్టేషన్ 1856లో, బెర్లిన్ స్టేషన్ 1859లో, చివరిగా ఐలెన్‌బుర్గ్ స్టేషన్ 1874లో వచ్చాయి. వీటిలో థురింగియా, మాగ్డెబుర్గ్, డ్రెస్డెన్ స్టేషన్లు పాత ఊరికి ఉత్తరాన ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. ఇప్పుడు మనం చూస్తున్న భవనం ఆ మూడూ ఉన్న చోటే లేచింది. మాగ్డెబుర్గ్ నుంచి దిగి బవేరియా వెళ్లాలనుకున్న మనిషి సామాను బండిలో వేసుకుని ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు పోవాల్సిందే.

మూడు స్టేషన్లు పక్కపక్కనే ఉన్నా కలపడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

సరిహద్దు వల్ల. లైప్‌జిగ్ సాక్సనీ రాజ్యంలోది. కానీ ఊరు దాటి ఉత్తరానికో పడమటికో కాస్త వెళ్తే ప్రష్యా మొదలయ్యేది. 1866 యుద్ధంలో ఈ రెండూ ఎదురెదురు పక్షాల్లో ఉన్నాయి. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడి ఒకే గొడుగు కిందికి వచ్చినా రైల్వేలు మాత్రం ఎవరివి వాళ్లవే. మొదట ప్రైవేటు కంపెనీల చేతిలో ఉన్న లైన్లను ఒక్కొక్కటిగా ఈ రెండు రాజ్యాలూ కొనేశాయి. దాంతో పోటీ కంపెనీల మధ్య నుంచి ప్రభుత్వాల మధ్యకు వచ్చింది. ఈలోగా ఊరు పెరిగిపోయింది. 1910 నాటికి జనాభా దాదాపు 5.9 లక్షలు. 1898లో ఉమ్మడి స్టేషన్ కట్టాలని నిర్ణయం తీసుకోవడానికి అసలు కారణం ఐకమత్యం మీద ప్రేమ అని నేననుకోను. విడివిడిగా ఆ రద్దీని మోయడం ఎవరి వల్లా కాలేదు, అంతే.

## ఒప్పందం, కట్టడం

కట్టడం ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయింది?

ట్రాకుల పనులు, మట్టి పనులు 1902లో మొదలయ్యాయి. భవనానికి శంకుస్థాపన 1909 నవంబర్ 16న జరిగింది. పడమటి వైపు మొదటి ప్లాట్‌ఫాంలు 1912 మే 1న వాడకంలోకి వచ్చాయి. మొత్తం పూర్తయింది 1915 డిసెంబర్ 4న. అంటే స్టేషన్‌కు పుట్టినరోజులు ఒకటికి మించి ఉన్నాయి. ఇక్కడ వేడుకలు మాత్రం డిసెంబర్ తేదీకే చేస్తారు.

డిజైన్ ఎవరిది?

డ్రెస్డెన్‌కు చెందిన విలియం లోసోవ్, మాక్స్ హన్స్ క్యూనె అనే ఇద్దరు ఆర్కిటెక్టులది. 1906లో పోటీ పెడితే 76 డిజైన్లు వచ్చాయి. వీళ్లు తమ డిజైన్‌కు పెట్టుకున్న నినాదం "వెలుతురు, గాలి". పొగ గొట్టాల ఇంజన్లు రోజంతా తిరిగే చోటికి అది గట్టి వాగ్దానమే. క్యూనె, లోసోవ్‌కు స్వయానా అల్లుడు. మామగారు 1914లో, స్టేషన్ పూర్తికాకముందే చనిపోయారు. మిగతా పని అల్లుడు చూసుకున్నాడు.

పాత స్టేషన్లు ఉన్న చోటే కొత్తది కట్టారంటున్నారు. మరి ఆ పదేళ్లు రైళ్లు ఆపేశారా?

ఒక్కరోజు కూడా ఆపలేదు. పడమటి నుంచి తూర్పుకు ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ వచ్చారు. మొదట పడమటి చివరనున్న థురింగియా స్టేషన్‌ను పడగొట్టి ఆ జాగాలో కొత్త భవనం పడమటి భాగం లేపారు. అది సిద్ధమై రైళ్లు అందులోకి మారాక పక్క స్టేషన్ వంతు. ఇంకా పక్కది చివర. అందుకే స్టేషన్ పడమటి చివరకీ తూర్పు చివరకీ మూడేళ్లకు పైగా వయసు తేడా ఉంది. ముందు నిలబడి చూస్తే ఆ అతుకు ఎక్కడుందో కనిపించదు, నేను వెతికి చూశాను.

ఖర్చెంత? ఎవరు పెట్టుకున్నారు?

అప్పటి లెక్కలో దాదాపు 13.7 కోట్ల మార్కులు. ఎక్కువ భాగాన్ని ప్రష్యా, సాక్సనీ రైల్వేలు ఇంచుమించు సమానంగా భరించాయి. మిగతాది లైప్‌జిగ్ నగరపాలక సంస్థ, తపాలా శాఖ పెట్టుకున్నాయి. తపాలా ఎందుకంటే ఆ రోజుల్లో ఉత్తరాలూ పార్సెళ్లూ కూడా రైలు మీదే నడిచేవి.

ఆరు పెద్ద కమానుల షెడ్డు, ముందు ఆ పొడవాటి హాలు, వీటిలో ప్రత్యేకత ఏముంది?

రైళ్లు నిలబడే చోటు మీద ఇనుము, గాజుతో ఆరు పెద్ద కమానులు పక్కపక్కనే ఉన్నాయి. ఇలాంటివి యూరప్‌లో వేరే చోట్ల కూడా చూడొచ్చు. నాకు ఎక్కువ నచ్చేది రైలు దిగి నడిచి వచ్చాక అడ్డంగా ఎదురయ్యే హాలు. ప్లాట్‌ఫాంలన్నిటి చివర్లనూ కలుపుతూ దాదాపు 270 మీటర్లు సాగుతుంది. దాని కప్పు గాజూ ఇనుమూ కాదు, కాంక్రీటు. 1910ల నాటికి కాంక్రీటును గోడౌన్లకూ ఫ్యాక్టరీలకూ వాడటం మామూలే గాని, ఇలా అందరికీ కనబడేలా, గర్వంగా వాడటం కొత్త. తలెత్తి చూస్తే కమానుల మధ్య చతురస్రపు గూళ్లు వరసగా కనిపిస్తాయి. సాయంత్రం పూట ఎండ పక్కవాటుగా పడినప్పుడు ఆ గూళ్ల అంచులు బాగా తేలుతాయి.

మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ప్రారంభోత్సవం ఎలా చేశారు?

ఆర్భాటం లేకుండా. 1915 డిసెంబర్ అంటే యుద్ధం మొదలై ఏడాదిన్నర. చివరి రాయి పెట్టి పని అయిందనిపించారు. ఇంత డబ్బు పోసిన కట్టడానికి మామూలు రోజుల్లో అయితే రాజులూ బ్యాండు మేళాలూ వచ్చి ఉండేవి.

## రెండు రాజ్యాల స్టేషన్ (1915–1934)

ఎంట్రన్స్ హాళ్లు రెండు, మెట్లు రెండు. ఒకేలా రెండేసి ఎందుకు కట్టారండీ?

ఇదే అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న, స్టేషన్ కథంతా దీంట్లోనే ఉంది. భవనం ఒక్కటే అయినా లోపల స్టేషన్లు రెండు. పడమటి సగం ప్రష్యా రైల్వేది, తూర్పు సగం సాక్సనీ రైల్వేది. మొత్తం 26 ప్లాట్‌ఫాం ట్రాకులు వేస్తే, 1 నుంచి 13 దాకా ప్రష్యాకు, 14 నుంచి 26 దాకా సాక్సనీకి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే గుమ్మంతో సహా లెక్క చూసుకున్నట్టు, ఒకరికున్నది ఇంకొకరికి లేదన్న మాట రాకుండా చేశారు. పడమట ఒక ఎంట్రన్స్ హాలు ఉంటే తూర్పున అచ్చం అలాంటిదే ఇంకొకటి. టికెట్ కౌంటర్లు రెండు చోట్ల. వెయిటింగ్ రూములు తరగతుల వారీగా రెండు వైపులా. పాలనా యంత్రాంగం రెండు.

హాలే, మాగ్డెబుర్గ్, ఎర్ఫుర్ట్, బెర్లిన్ వైపు వెళ్లేవాళ్లకు పడమర. డ్రెస్డెన్, కెమ్నిట్స్, బవేరియా వైపు వెళ్లేవాళ్లకు తూర్పు. ఏ రైలు ఎటువైపో తెలియని మనిషి తప్పు హాల్లో దూరితే పొడవాటి నడక తప్పేది కాదు. భవనం ముందు భాగం పొడవు 298 మీటర్లు మరి.

చాలామంది దీన్ని ఆర్కిటెక్టు అందం కోసం చేసిన సౌష్టవం అనుకుంటారు. అందంగానే ఉంది, ఒప్పుకుంటాను. అయితే ఆ సౌష్టవాన్ని ముందు కోరింది పంపకాల లెక్క. ఆర్కిటెక్టుల గొప్పతనమల్లా ఆ లెక్కను చూడముచ్చటగా మలచడంలో ఉంది.

ఈ విభజన ఎప్పుడు పోయింది?

కాగితం మీద 1920లోనే పోవాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1న జర్మన్ రాష్ట్రాల రైల్వేలన్నీ కలిసి దేశానికి ఒకే రైల్వేగా, రైష్స్‌బాన్‌గా మారాయి. ప్రష్యా రైల్వే లేదు, సాక్సనీ రైల్వే లేదు. అయినా లైప్‌జిగ్ స్టేషన్‌లో రెండు భాగాలూ రెండు వేర్వేరు డివిజన్ల కింద అలాగే నడిచాయి. 1934లో మొత్తం హాలే డివిజన్ కిందికి తెచ్చారు. విడదీయడానికి కారణమైన రాజ్యాలు పోయాక కూడా గీత ఇంకో పదిహేనేళ్లు బతికింది.

మెయిన్ స్టేషన్ వచ్చాక ఆరు పాత స్టేషన్లూ మూతపడ్డాయా?

లేదు. ఐలెన్‌బుర్గ్ స్టేషన్ 1942 దాకా నడిచింది. ఊరికి దక్షిణాన ఉన్న బవేరియా స్టేషన్, అంటే బైరిషర్ బాన్‌హోఫ్, 2001 దాకా రైళ్లు చూసింది. పేరుకు మెయిన్ స్టేషన్ అయినా దక్షిణం వైపు లైన్లు దానికి నేరుగా అందలేదు. అవి ఊరిని చుట్టుకుని ఉత్తరం నుంచి లోపలికి రావాల్సి వచ్చేది.

## నాజీల కాలం, యుద్ధం

యూదుల్ని ఈ స్టేషన్ నుంచే పంపించేశారా?

రెండు వేర్వేరు సంఘటనల్ని కలిపి అడుగుతుంటారు. మొదటిది 1938 అక్టోబర్ 28. పోలండ్ పౌరసత్వం ఉన్న యూదుల్ని దేశవ్యాప్తంగా ఒక్కసారిగా పట్టుకుని పోలండ్ సరిహద్దుకు తరిమేశారు. లైప్‌జిగ్‌లో పట్టుబడ్డవాళ్లను మెయిన్ స్టేషన్ నుంచి రైళ్లలో ఎక్కించారు. ఆ రోజే ఊళ్లోని పోలండ్ కాన్సులేట్ అధికారి ఫెలిక్స్ చిచెవ్‌స్కీ తన కాన్సులేట్ తలుపులు తెరిచి, లోపలా తోటలోనూ సుమారు 1,300 మందికి చోటిచ్చి కాపాడాడు. స్టేషన్ గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పాలనిపిస్తుంది నాకు.

రెండోది 1942 నుంచి సాగిన తరలింపులు. ఆ ఏడాది జనవరి 21న బయల్దేరిన మొదటి రైలు రీగాకు వెళ్లింది. అది బయల్దేరింది ఊరి తూర్పు అంచునున్న ఎంగెల్స్‌డోర్ఫ్ గూడ్స్ స్టేషన్ నుంచి. ఇలా వెళ్లిన వాళ్ల స్మృతి చిహ్నం మాత్రం మెయిన్ స్టేషన్‌లో 24వ ట్రాకు దగ్గర ఉంది.

బాంబుల్లో స్టేషన్ మొత్తం కూలిపోయిందా?

మొత్తం కాదు గాని గట్టి దెబ్బే తగిలింది. 1943 డిసెంబర్ 4 తెల్లవారుజామున బ్రిటిష్ విమానాలు ఊరి మీద పెద్ద దాడి చేశాయి. దాదాపు 1,800 మంది చనిపోయారు. పుస్తకాల అచ్చుకు పేరుపడ్డ వీధులన్నీ కాలిపోయాయి. తేదీ చూడండి, స్టేషన్ పూర్తయి సరిగ్గా 28 ఏళ్లు. ఆ తర్వాత 1944 జూలై 7న అమెరికన్ విమానాలు వచ్చాయి. ఆ రోజు స్టేషన్‌కు తగిలిన దెబ్బ భారీది. అడ్డంగా ఉండే హాలు కప్పు కూలింది, పడమటి ఎంట్రన్స్ హాలు బాగా దెబ్బతింది, షెడ్డు గాజు ఎగిరిపోయింది.

యుద్ధం చివర్లో ఊరు ఎవరి చేతికి చిక్కింది?

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చింది. జూలైలో వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు, సోవియట్ సైన్యం వచ్చింది. ఆ మార్పుతోనే స్టేషన్ తూర్పు జర్మనీ వైపు పడింది.

## తూర్పు జర్మనీ కాలం

పాతది పడగొట్టి కొత్తది కట్టకుండా అదే ఎందుకు నిలబెట్టారు?

అవసరం వల్ల అని ఒక్క మాటలో చెప్పొచ్చు. తూర్పు జర్మనీకి ఇది ముఖ్యమైన రైల్వే కూడలి. పైగా ఏటా వసంతంలోనూ శరదృతువులోనూ లైప్‌జిగ్ ట్రేడ్ ఫెయిర్ జరిగేది. పశ్చిమ దేశాల వ్యాపారులు వచ్చేది దానికే. అలా వచ్చినవాళ్లు మొదట చూసేది స్టేషన్‌నే. శిథిలాల మధ్య వాళ్లను దింపడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. 1950ల మధ్య నుంచి పాత రూపంలోనే తిరిగి కట్టుకుంటూ వచ్చి, 50 ఏళ్లు నిండిన 1965 డిసెంబర్‌కు పూర్తిచేశారు.

కరెంటు లైన్లు సోవియట్ వాళ్లు పీక్కెళ్లారని ఇక్కడి పెద్దవాళ్లు అంటుంటారు. నిజమా?

నిజం. లైప్‌జిగ్ చుట్టుపక్కల ప్రాంతం జర్మనీలో ఎలక్ట్రిక్ రైళ్లకు పుట్టినిల్లు లాంటిది. దగ్గర్లోని డెస్సావు–బిట్టర్‌ఫెల్డ్ మార్గంలో 1911లోనే కరెంటు మీద నడిపి చూశారు. 1946లో సోవియట్ ఆదేశాల మీద యుద్ధ నష్టపరిహారం కింద వైర్లు, స్తంభాలు, ఇంజన్లు విప్పి తీసుకెళ్లారు. కరెంటు రైళ్లు ఎక్కి తిరిగిన జనం మళ్లీ బొగ్గు పొగ పీల్చాల్సి వచ్చింది. 1950లలో మళ్లీ మొదటి నుంచి వైర్లు లాగారు.

స్టేషన్‌లో పెద్ద ప్రమాదం ఏదో జరిగిందట?

1960 మే 15న స్టేషన్‌కు వచ్చే దారిలో రెండు ప్యాసింజర్ రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. 54 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు.

స్టేషన్‌లో సినిమా హాలు ఉండేదా?

ఉండేది. న్యూస్ రీళ్లు, చిన్న చిత్రాలు వేసే హాలు. రైలుకు గంట టైముంటే లోపలికెళ్లి కూర్చోవడమే. తూర్పు జర్మనీ పోయాక 1990లలో అదీ మూతపడింది. ఈ సంగతి ఎత్తితే మా పక్కింటి పెద్దావిడ ముఖం వెలిగిపోతుంది. చలికాలంలో వెచ్చగా కూర్చోవడానికి అంతకన్నా చవకైన చోటు ఊళ్లో ఉండేది కాదట.

1989 ఉద్యమంలో స్టేషన్ పాత్ర ఏమిటి?

రైళ్ల పాత్ర ఏమీ లేదు, దారి పాత్ర ఉంది. సోమవారం సాయంత్రాలు నికోలాయ్ చర్చిలో ప్రార్థన అయ్యాక జనం పాత ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీద నడిచేవారు. ఆ రోడ్డు స్టేషన్ ముందు నుంచే పోతుంది. అక్టోబర్ 9న దాదాపు 70,000 మంది వచ్చారు. పోలీసులు, సాయుధ దళాలు సిద్ధంగా ఉన్నాయి, కాల్పులు జరుగుతాయేమోనని ఊరంతా టెన్షన్. ఎవరూ కాల్చలేదు. ఆ రోజు అంతమంది అడ్డంకి లేకుండా రింగ్ మీద సాగడం తర్వాత జరిగినవాటికి దారి తీసింది. సరిగ్గా నెలకు, నవంబర్ 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది.

## 1990 తర్వాత

ఈ షాపింగ్ మాల్ ఎప్పుడు వచ్చింది?

1997 నవంబర్ 12న తెరిచారు. అడ్డంగా ఉండే హాలు నేలను మధ్యలో తొలిచి కిందికి రెండు అంతస్తులు దింపారు. మొత్తం మూడు అంతస్తుల్లో సుమారు 140 షాపులు. తూర్పు వైపు చివరి ట్రాకులు తీసేసి కార్ల పార్కింగ్ పెట్టారు. జర్మనీలో పెద్ద స్టేషన్‌ను ఈ స్థాయిలో మాల్‌తో కలపడం అప్పటికి కొత్త.

చరిత్ర ఉన్న భవనాన్ని ఇలా తొలిచెయ్యడం తప్పు కాదా?

అప్పట్లో ఈ గొడవ బాగానే జరిగింది. రైలు ఎక్కడానికి వచ్చినవాడి చుట్టూ షాపులు పేర్చడం నాకూ అంత ఇష్టం ఉండదు. కానీ రెండు విషయాలు చూడాలి. ఒకటి, తొలిచింది నేలను. కప్పునూ కమానుల్నీ ముట్టుకోలేదు, పైగా శుభ్రంచేసి నిలబెట్టారు. రెండు, 1990లలో తూర్పు జర్మనీ ఊళ్ల నుంచి జనం వలస పోతున్నారు, రైలు ప్రయాణికులు తగ్గిపోయారు. ఇంత పెద్ద కట్టడాన్ని టికెట్ల డబ్బుతోనే పోషించడం కష్టం. మాల్ లేకపోతే సగం భవనానికి తాళం వేసి ఉండేవారేమో.

సిటీ టనెల్ ఆలోచన నిజంగా వందేళ్ల నాటిదా?

అవును. ఉత్తరాన మెయిన్ స్టేషన్‌ను, దక్షిణాన బవేరియా స్టేషన్‌ను ఊరి కింద నుంచి కలపాలన్న ఆలోచన స్టేషన్ కట్టేటప్పుడే ఉంది. అప్పుడే స్టేషన్ అడుగున కొంత సొరంగం కట్టి పెట్టుకున్నారు కూడా. యుద్ధం వచ్చి ఆగిపోయింది. మళ్లీ పని మొదలైంది 2003లో. ఇసుక, నీరు కలిసిన నేలలో పాత భవనాల కింద నుంచి తవ్వాల్సి రావడంతో ఆలస్యాలు, ఖర్చు రెండూ పెరిగాయి. 57.2 కోట్ల యూరోలు అనుకున్నది 90 కోట్లు దాటింది. 2013 డిసెంబర్ 15న లోకల్ రైళ్లు నడవడం మొదలైంది. స్టేషన్‌కు అడుగున రెండు ట్రాకులు కలిశాయి. దారిలో మార్క్ట్, విల్‌హెల్మ్ లాయ్‌ష్నర్ ప్లాట్స్, బైరిషర్ బాన్‌హోఫ్ అని మూడు భూగర్భ స్టేషన్లు ఉన్నాయి.

టనెల్ కోసం పాత స్టేషన్ ముఖద్వారాన్ని పక్కకి జరిపారట. పుకారా?

పుకారు కాదు. బైరిషర్ బాన్‌హోఫ్‌కు నాలుగు కమానుల పాత ముఖద్వారం ఉంది. సరిగ్గా దాని కిందే భూగర్భ స్టేషన్ తవ్వాలి. పడగొట్టడానికి మనసొప్పక, 2006 ఏప్రిల్‌లో దాదాపు 2,800 టన్నుల బరువున్న ఆ కట్టడాన్ని అలాగే 30 మీటర్లు తూర్పుకు జరిపారు. అక్టోబర్‌లో మళ్లీ యథాస్థానంలో పెట్టారు. ఇప్పుడు చూస్తే కదిలినట్టే ఉండదు.

నేనెక్కిన ఐసీఈ (జర్మనీ హైస్పీడ్) రైలు లైప్‌జిగ్‌లో ఆగి వెనక్కి బయల్దేరింది. తప్పు రైలెక్కానా?

కంగారు పడకండి, సరైన రైలే. నాంపల్లి లాగా ఇదీ ట్రాకులు ఆగిపోయే టెర్మినస్. డ్రెస్డెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే రైలైనా, బెర్లిన్ నుంచి ఎర్ఫుర్ట్ మీదుగా మ్యూనిక్ వెళ్లేదైనా ఇక్కడికి వస్తే దిశ మార్చుకునే పోవాలి. ఇంజన్ మార్చక్కర్లేదు, డ్రైవర్ రెండో చివరకు నడిచి వెళ్తాడు. ప్రయాణికులకు జరిగేదల్లా అప్పటిదాకా ముందుకు చూస్తున్న సీటు వెనక్కి తిరగడమే.

## ఇప్పుడు చూడటానికి వచ్చేవాళ్లకు

ఇది యూరప్‌లోకెల్లా పెద్ద స్టేషనేనా?

దేన్నిబట్టి కొలుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. నేల వైశాల్యం లెక్కన, అంటే 83,460 చదరపు మీటర్లతో, యూరప్‌లో అతిపెద్ద టెర్మినస్ స్టేషన్ ఇదే అంటారు. రోజూ వచ్చేపోయే జనం లెక్కన అయితే హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ చాలా ముందున్నాయి. ట్రాకుల లెక్కన కూడా మ్యూనిక్‌దే పైచేయి. మొదట్లో 26 ఉన్న ఇక్కడి ప్లాట్‌ఫాం ట్రాకుల్లో ఇప్పుడు పైన 19, అడుగున 2 వాడుతున్నారు.

పిల్లలతో వస్తున్నాం. చూపించడానికి ఏముంది?

తూర్పు చివర 24వ ట్రాకుకు వెళ్లండి. మామూలు రైళ్లు అక్కడికి రావు, పాత ఇంజన్లు నిలబెట్టి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేల సంఖ్యలో తయారుచేసిన 52 శ్రేణి ఆవిరి ఇంజన్ కూడా ఉంది. చక్రాలు మా అబ్బాయి భుజాల దాకా వస్తాయి. టికెట్ లేదు, మన దగ్గరలా ప్లాట్‌ఫాం టికెట్ కూడా అక్కర్లేదు. నేరుగా నడిచి వెళ్లిపోవడమే.

పాత వెయిటింగ్ రూములు ఏమైనా మిగిలాయా?

పడమటి వైపు ప్రష్యా వాళ్ల వెయిటింగ్ హాలు ఉంది, ఇప్పుడందులో పుస్తకాల షాపు నడుస్తోంది. ఏమీ కొనకపోయినా లోపలికి వెళ్లి కప్పు చూసి రావచ్చు, ఎవరూ ఏమీ అనరు.

గంట టైమే ఉంది. ఎటు నుంచి చూడమంటారు?

ముందు బయటికి వెళ్లి రోడ్డు దాటి, ట్రామ్ స్టాప్ అవతల నిలబడి భవనం మొత్తాన్ని చూడండి. దగ్గర నుంచి చూస్తే అది కంటికి పట్టదు. తర్వాత పడమటి హాల్లో లోపలికెళ్లి పెద్ద మెట్లెక్కి ప్లాట్‌ఫాంల మట్టానికి రండి. అడ్డంగా ఉన్న హాలు వెంబడి చివరిదాకా నడిచి తూర్పు హాలు మెట్ల మీదుగా దిగండి. ఒక రాజ్యంలో ఎక్కి ఇంకో రాజ్యంలో దిగినట్టు. మాల్‌లోకి మాత్రం చివర్లో వెళ్లండి, ముందే వెళ్తే గంట అక్కడే అయిపోతుంది.

ఆదివారం ఊరంతా బంద్ కదా, స్టేషన్‌లో ఏమైనా దొరుకుతుందా?

జర్మనీలో ఆదివారం దుకాణాలు తెరవకూడదన్న నిబంధన నుంచి స్టేషన్లకు ప్రయాణికుల పేరుతో కొంత మినహాయింపు ఉంది. అందుకని ఇక్కడ కొన్ని షాపులు, తిండి కౌంటర్లు తెరిచే ఉంటాయి. శనివారం సరుకులు తెచ్చుకోవడం మర్చిపోయిన స్టూడెంట్లంతా ఆదివారం సాయంత్రం కింది అంతస్తులోనే కనిపిస్తారు. క్యూ పొడుగ్గా ఉంటుంది, పాలూ పెరుగూ కావాలంటే కాస్త పెందలాడే వెళ్లండి.